విస్తరిలో నేతిబొట్టు: తెలుగు ఇండ్లలో నూనె, నేతుల సాంఘిక చరిత్ర

రాజుల వంశావళులు, యుద్ధముల తేదీలు మాత్రమే చరిత్రయని తలచిన కాలము గడచిపోయినది. ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ పని చేసి బ్రదికిరి అనునదియు చరిత్రయే. శ్రీ సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" మనకు ఈ త్రోవ చూపినది. 1955లో తెలుగునకు లభించిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము ఆ గ్రంథమునకే దక్కినది. సామాన్యుని కంచమునకు కూడ చరిత్రలో చోటున్నదని పండితలోకము ఒప్పుకొనుటకు అది గుర్తు. ఆ త్రోవలోనే నాలుగడుగులు నడచి, మన ఇండ్లలో నూనెయు నెయ్యియు ఎవరికి ఎంత దక్కుచు వచ్చినవో ఈ రజతోత్సవ సంచికలో విచారింపదలచితిని.

ఆకలి వేసినప్పుడు ధనికుడైనను కూలివాడైనను మొదట గింజనే కోరును. నూనె, నేతుల సంగతి వేరు. అవి కొద్దిగా దొరకునవి, ఖరీదైనవి, నిలువచేసి అమ్ముకొనదగినవి. కావున ఒక మనిషి విస్తరిలో పడిన నేతిబొట్టును చూచి అతని భూవసతిని, వృత్తిని, ఊరిని, ఇంటిలో అతని స్థానమును చాలవరకు గ్రహింపవచ్చును. "వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఒకటే" అను సామెత ఊరక పుట్టలేదు. నూనె, నేతుల చరిత్ర ముఖ్యముగా వడ్డన చరిత్ర.

మాటలో దాగిన చరిత్ర

"నూనె" అను మాటలోనే కొంత చరిత్ర దాగియున్నది. నువ్వు, నెయ్యి అను రెండు మాటలు కలిసి నూనె అయినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అరవమువారి "ఎణ్ణెయ్" కూడ ఇట్టిదే. వారి భాషలో "ఎళ్" అనగా నువ్వు. సంస్కృతములో తిలనుండి పుట్టినది తైలము. అనగా మన పూర్వులకు నూనె యన్నచో నువ్వుల నూనెయే. తరువాత వచ్చిన నూనెలన్నియు ఆ పేరును అరువు తెచ్చుకొన్నవి. తుదకు దీపములో పోయు కిరసనాయిలు కూడ మట్టినూనె అయినది. నేటికిని పలుచోట్ల పెద్దలు నువ్వుల నూనెను "మంచినూనె" యందురు.

అయినను అందరికిని మంచినూనె దొరకలేదు. నేల యెట్టిదో నూనె అట్టిది. మెట్టపొలముల రైతులు జొన్న నడుమ సాలు వేసిన కుసుమల నూనె వాడిరి. విశాఖ మన్యములో వలిసెలు, అనగా వెఱ్ఱినువ్వులు, పండినవి. గోండులు, కోయలు ఇప్పగింజల నూనె తీసికొనిరి. ఆముదపు గింజలను ఇంటనే వండి తీసిన వంటాముదము దీపమునకు, తలకు, పసిబిడ్డలకు పనికివచ్చినది. ఒక మనిషి ఏ నూనె తినునో నిర్ణయించినది ముందుగా అతడు పుట్టిన ఊరు. ఎంత తినునో నిర్ణయించినది ఆ ఊరిలో అతని స్థితి.

గానుగ చుట్టు

గ్రామములలో నూనె తీయుట కొన్ని ప్రాంతములలో తెలికలవారు, కొన్ని ప్రాంతములలో గాండ్లవారు అను పేరుగల కులమువారి వృత్తి. ఎద్దు తిరుగు గానుగలో నువ్వులు ఆడించి, రైతు గింజలకు మారుగా నూనె కొలిచి ఇచ్చి, తమ శ్రమకు కొంత గింజయో పిండియో ఉంచుకొనెడివారు. నూనె తీయగా మిగిలిన తెలకపిండి పశువులకు మేత. తెలకపిండి కూర చేసికొని మనుష్యులును తినిరి. బాలింతలకు పాలు పడునని పెట్టుట కొన్నిచోట్ల ఆచారము. ఎద్దుగానుగ గింజలోని నూనెనంతయు పిండలేదు. కావున తెలకపిండిలో మిగిలిన కొద్దిపాటి జిడ్డు ఎందరో పేదలకు కొనకుండ దొరకిన నూనె.

ఇక్కడ ఒక విషయము గమనింపవలెను. నాటి వ్యవసాయ కూలీలకు కూలి ప్రాయికముగా గింజల రూపమున ముట్టెడిది. జొన్నలో, రాగిలో, వడ్లలో కడుపు నిండునుగాని కూరకు తాళింపు రాదు. నూనె కావలెనన్నచో తెచ్చుకొన్న గింజలలోనే కొన్ని అంగడిలో పోసి, దానికి సరిపడు నూనెను చిన్న సీసాలో పట్టుకొని రావలెను. ఆనాటి పూట గింజ తగ్గించుకొన్నగాని నూనె దొరకదు. ఇట్టి లెక్కలో ఏ తల్లియైనను గింజనే ఎన్నుకొనును. కావుననే సంకటిలోనికి పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, చింతపండు పులుసు, ఊరిన గోగాకు నిత్యమైనవి. నూనె పండుగనాటి వస్తువైనది. సంక్రాంతికి అరిసెలు, సకినాలు చేయుటకు పొయ్యిమీద "మూకుడు పెట్టుట" ఒక విశేషముగా చెప్పుకొనుటకు ఇదియే కారణము.

చల్ల ఎవరిది, వెన్న ఎవరిది?

నేతి సంగతి ఇంకను స్పష్టము. పాడి ఉన్నవారింటనే నెయ్యి. పాడి ఉండవలెనన్నచో మేత, మేతకు పొలము. 1852 నాటికి గోదావరిమీద ధవళేశ్వరము ఆనకట్ట, 1855 నాటికి కృష్ణమీద విజయవాడ ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టాలో వరి పెరిగినది, వరిగడ్డి పెరిగినది, గేదెల పాడి పెరిగినది. ముద్దపప్పులో నెయ్యి, గడ్డపెరుగు డెల్టా సంసారి ఇంటి గుర్తులైనవి. అదే కాలమున వానపైననే ఆధారపడిన రాయలసీమ, తెలంగాణ మెట్టలలో పాడి ఎండకాలము వచ్చినచో ఎండిపోయెడిది.

తెల్లవారుజామున కవ్వము తిరిగిన ఇంటిలో పాలు రెండు పాలగుచుండెను. వెన్న నెయ్యియై ఇంటివారికిని, సంతకును పోయెడిది. చల్ల ఇరుగు పొరుగునకు, పాలేరులకు, కూలీలకు ఊరకనే పోసెడివారు. "చల్లకు వచ్చి ముంత దాచనేల" అను సామెతయే దీనికి సాక్ష్యము. చల్ల పోయుట ఔదార్యమే. దానివలన ఎందరో బీదలకు మాంసకృత్తులు, సున్నపు లవణములు దక్కినవి. కాని వెన్న తీసిన తరువాతనే ఆ ఔదార్యము.

పంక్తి భోజనములలో కూడ ఈ వరుస కనబడును. అన్నముపై నెయ్యి అభిఘరించినగాని భోజనము ఆరంభింపని ఇండ్లు ఒక ప్రక్క. ఏడాదికొకమారు పెండ్లిలో నెయ్యి చూచిన ఇండ్లు మరియొక ప్రక్క. శ్రీకృష్ణదేవరాయలు "ఆముక్తమాల్యద"లో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువునకు తగిన భోజనములు పెట్టుటను వర్ణించెను. శ్రీనాథుడు పలనాటి జొన్నకూటిని నిరసించుచు చాటువులు చెప్పెనని ప్రసిద్ధి. ఈ రెండు విస్తరులును మనవే.

ఒకే ఇంటిలో కూడ వరుస ఉన్నది. పురుషులు, పిల్లలు తినిన పిదప స్త్రీలు తినుట చాల ఇండ్లలో నియమము. గిన్నె అడుగున మిగిలిన కూరయే వారి పాలు. వితంతువులకు ఒంటిపూట భోజనములు, రుచుల నిషేధములు కొన్ని కులములలో ఉండెను. స్త్రీకి నెయ్యి ధారాళముగా దొరకు కాలము ఒక్కటే, బాలింతతనము. అదియు కలిగిన ఇండ్లలో. కావున "ఈ ఇంటివారు నెయ్యి తిందురు" అని చెప్పినంతమాత్రమున ఇంటిలోని వారందరు తినినట్లు కాదు.

కరవును శాస్త్రమును

ఈ భేదములు ప్రాణములమీదికి తెచ్చినది 1876–78 నాటి మహాకరవు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణముగా నష్టపడినవి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనుల కూలీలకు దినమునకు ఒక పౌను ధాన్యము, కొద్దిపాటి చిల్లర చాలునని నిర్ణయించెను. చెన్నరాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ప్రతిఘటించెను. ఈ ప్రాంతపు ప్రజల ఆహారమును గూర్చి, జైళ్ల భోజనములను గూర్చి 1863లోనే నివేదిక సిద్ధపరచినవాడగుటచే, శ్రమచేయు శరీరమునకు వట్టి గింజ చాలదని అతడు ఎరుగును. మనిషికి కనీసముగా ఎంత ఆహారము కావలెనను ప్రశ్న ప్రభుత్వపు కాగితములలో ఇంత తీవ్రముగా చర్చకు వచ్చుట మన దేశమున అరుదైన విషయము.

1918లో సర్ రాబర్ట్ మెకారిసన్ నీలగిరులలోని కూనూరులో ఆహార పరిశోధనలు ప్రారంభించెను. అతడు భారతదేశపు వివిధ ప్రాంతముల భోజనములను ఎలుకలకు పెట్టి చూచెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలుగల పంజాబు సిక్కుల భోజనము తినిన ఎలుకలు అన్నిటికంటె బాగుగా పెరిగినవి. పాలు, నేతులు కొరవడిన మదరాసు పేదల వరియన్నము తినినవి అన్నిటికంటె వెనుకబడినవి. ఆ తేడా నేతిది మాత్రమే కాదు. పాలు, కూరలు, దంపుడు చేసిన గింజ అన్నియు అందులో చేరియున్నవి. జాతి బలము, జాతి దౌర్బల్యము అని లోకము అనుకొనుచున్నదానిలో ఎక్కువ భాగము కంచముదేనని ఆ ప్రయోగము చూపినది.

ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. పేద పిల్లల రేచీకటిని గూర్చి ఆ సంస్థవారు చేసిన కృషి ప్రసిద్ధము. ఆకుకూరలలోని పసుపుపచ్చని పదార్థమునుండి శరీరమునకు ఏ విటమిను దక్కవలెనన్నచో భోజనములో కొంచెము నూనె ఉండవలెను. పెరటిలో తోటకూర ఉన్నను, తాళింపునకు చుక్క నూనె లేని ఇంటిలో ఆ కూర మేలు సగము వ్యర్థము. పిల్లల అంధత్వ నివారణకై 1970లో దేశవ్యాప్తముగా ఏ విటమిను మందు పోయు పథకము మొదలైనది. నూనె లేమి అనునది రుచి కొరతగా మాత్రమే కాక, చూపు కొరతగా కూడ పరిణమించినదని ఇందువలన తెలియుచున్నది.

వేరుసెనగ, వనస్పతి

ఇంతలో రెండు క్రొత్త వస్తువులు మన వంటిండ్లలో ప్రవేశించినవి. మొదటిది వేరుసెనగ. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ కాయ పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున దక్షిణార్కాటులో విస్తారముగా సాగై, పుదుచ్చేరి రేవుగుండ ఫ్రాన్సులోని మార్సెయిల్ నూనె మిల్లులకు ఎగుమతి యగుచుండెను. ఇరువదవ శతాబ్దములో అది అనంతపురము, కర్నూలు, కడప, చిత్తూరు జిల్లాల ఎఱ్ఱనేలలను ఆక్రమించినది. యంత్రపు మిల్లులు వచ్చినవి. గానుగలు ఒకటొకటిగా ఆగినవి. 1934లో గాంధీమహాత్ముని ప్రేరణచే వార్ధాలో స్థాపితమైన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము గానుగను బాగుచేసి నిలబెట్ట యత్నించెను. కాని మిల్లు నూనె ధర ముందు తెలికలవాని ఎద్దు నిలువలేకపోయెను. నూనె చవుకయైనది, నూనెమీద బ్రదికిన కులమునకు వృత్తి పోయినది. ఈ రెండును ఒకే మార్పునకు రెండు ముఖములు.

రెండవది వనస్పతి. ద్రవరూపపు నూనెలోనికి ఉదజని వాయువును పంపి నేతివలె పేరుకొనజేయు పద్ధతితో తయారైన ఈ వస్తువు 1937లో "డాల్డా" అను పేరుతో మన దేశపు అంగళ్లకు వచ్చినది. నెయ్యి కొనలేనివాడు నేతిమిఠాయివంటి మిఠాయి పెట్టుటకు ఇది వీలు కల్పించినది. మధ్యతరగతి పెండ్లిండ్లలో లడ్డు, మైసూరుపాకు పెరిగినవి. ఖాళీ డాల్డా డబ్బాలు పప్పులు పోసికొనుటకు, తులసి మొక్క నాటుటకు పనికివచ్చినవి. అయినను అంతస్తు భేదము తొలగలేదు. "వారింట నేతివంట, వీరింట డాల్డావంట" అని బంధువులు గుసగుసలాడుకొనిరి.

నేతిలో వనస్పతి కలిపి అమ్ముట పెరుగగా, దానిని పట్టుటకు చట్టము ఒక ఉపాయము చేసినది. ప్రతి వనస్పతిలోను నూటికి ఐదు పాళ్లకు తగ్గకుండ నువ్వుల నూనె కలుపవలెనని నియమించినది. అట్టి వనస్పతిని నేతిలో కలిపినచో రసాయన పరీక్షలో ఎఱ్ఱని రంగు తేలును. మన భాషలో నూనెకు పేరిచ్చిన నువ్వు, తుదకు కల్తీకి సాక్ష్యము చెప్పుటకు నిలిచినది. వనస్పతిలోని ట్రాన్సు కొవ్వు గుండెకు హానికరమని శాస్త్రము తేల్చిన మీదట, 2022 జనవరినుండి నూనెలు, కొవ్వులలో అది నూటికి రెండు పాళ్లకు మించరాదని భారత ప్రభుత్వము శాసించినది. చవుకనేతికై ఆశపడిన తరగతులే ఆ హానిని ఎక్కువగా అనుభవించినవనుట ఈ కథలోని విషాదము.

పొట్లములో నూనె

తరువాతి మార్పులు వేగముగా వచ్చినవి. 1969లో రష్యానుండి తెచ్చిన పొద్దుతిరుగుడు విత్తనములు మన మెట్టలలో నాటుకొన్నవి. 1986లో నూనెగింజల సాంకేతిక మిషను ఏర్పడినది. 1994నుండి విదేశపు పామాయిలునకు దిగుమతి ద్వారములు తెరువబడినవి. పశ్చిమ గోదావరిలో ఆయిల్ పామ్ తోటలు పెరిగి, 1995లో పెదవేగిలో దానికై జాతీయ పరిశోధన కేంద్రము వెలసినది. గానుగవాని సీసా స్థానములో పొట్లపు నూనె వచ్చినది. నేడు మన దేశము వాడు వంటనూనెలో సగమునకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. 2022లో ఉక్రెయిన్ యుద్ధము మొదలు కాగానే మన పల్లెలలో పొద్దుతిరుగుడు నూనె ధర ఎగబ్రాకినది.

జాతీయ నమూనా సర్వే లెక్కలు ఈ మార్పును తేటపరచుచున్నవి. దేశము మొత్తముమీద 1993–94లో మనిషికి నెలకు వంటనూనె పల్లెలలో 370 గ్రాములు, పట్టణములలో 560 గ్రాములు. 2011–12లో పల్లెలలో సుమారు 670 గ్రాములు, పట్టణములలో సుమారు 850 గ్రాములు. పల్లెవాని నూనె పదునెనిమిది ఏండ్లలో రమారమి రెట్టింపైనది. పట్టణముతో అతని అంతరము తగ్గినది. కడుపునిండ గింజకే నోచుకొనని తాతల మనుమలకు ఇది సంతోషింపదగిన విషయమే. ఇవి సగటు లెక్కలని మాత్రము మరువరాదు. కడపంక్తివాడు సగటులో కనబడడు. 1972లో ఏర్పడిన జాతీయ పోషణ పర్యవేక్షణ సంస్థవారు పల్లెలలో ఇల్లిల్లు తిరిగి తూచి చూచినప్పుడెల్ల, భూమిలేని కూలీల ఇండ్లలో నూనె తక్కువగనే తేలినది.

వలస వెళ్లిన అన్న, ఊరిలో ఉన్న తమ్ముడు

మనిషి తినెడి కొవ్వును నిర్ణయించునది వంశమా, పరిసరమా అను ప్రశ్నకు ఒక చక్కని పరిశోధన సమాధానము చెప్పినది. 2005–07 సంవత్సరముల నడుమ హైదరాబాదు, బెంగుళూరు, నాగపూరు, లక్నో నగరములలో పల్లెనుండి వచ్చి ఫ్యాక్టరీలలో పనిచేయువారిని, పల్లెలోనే ఉండిపోయిన వారి తోబుట్టువులను పోల్చి చూచిరి. ఒకే తల్లి బిడ్డలు. ఒకే చేతివంట తిని పెరిగినవారు. అయినను నగరము చేరినవారి భోజనములో కొవ్వు పెరిగినది. పాలు, మాంసము, పండ్లు, కూరలు కూడ పెరిగినవి. నెలజీతము, చెంతనే అంగడి, బయట తిండి, తగ్గిన శరీరశ్రమ, ఇవన్నియు కలిసి ఆ మార్పు తెచ్చినవి. పండుగకు ఊరు వచ్చిన అన్న బొజ్జను, ఊరిలోని తమ్ముని బక్కదేహమును చూచి మనము నవ్వుకొను మాటలో ఇంత సాంఘిక శాస్త్రము ఇమిడియున్నది.

ఇప్పుడు ఆ భేదము పల్లెలోనికే వచ్చినది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి ఆంధ్రప్రదేశమున 36 మంది, తెలంగాణమున 30 మంది అధిక బరువుగలవారు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశమున నూటికి 15 మంది, తెలంగాణమున 19 మంది ఉండవలసిన బరువులేక కృశించియున్నారు. స్థూలకాయమునకు నూనె ఒక్కటే కారణము కాదు. పాలిషుబియ్యము, చక్కెర, కదలని బ్రదుకు అందులో భాగస్వాములు. అయినను ఒకే వీధిలో ఒక ఇంట మితిమీరుట, ప్రక్కింట కొరవడుట నేటి స్థితి. మునుపు ధనికునికే పరిమితమైన బొజ్జ ఇప్పుడు బస్తీ కూలివానికిని వచ్చుచున్నది. మరల మరల కాచిన చవుకనూనెలో వేగిన బజ్జీయే అతని మధ్యాహ్నపు భోజనమగుచున్నది. మంచినూనె, ఆకుకూర, పండు కలిగినవారికి సులభము. చవుక కొవ్వు లేనివారికి సులభము.

మనము చేయదగినది

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము రెండువేల కేలరీల దినభోజనములో పోసికొను నూనె, నెయ్యి అన్నియు కలిపి 27 గ్రాములు. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. ప్రతి గృహస్థుడును తన నెలసరి సరకుల చీటీతో ఈ లెక్కను సరిచూచుకొనవచ్చును. ఎక్కువైనచో తగ్గించుకొనవలెను. అంతకంటె ముఖ్యముగా, ఆ మూడున్నర లీటర్లు ఇంటిలో ఎవరి కంచములోనికి ఎంత పోవుచున్నవో విచారింపవలెను. గర్భిణికి, పాలిచ్చు తల్లికి, ఎదుగు పిల్లకు చాలినంత దక్కి, కుర్చీలో కూర్చున్నవారికి మితముగా దక్కినప్పుడే ఆ లెక్క సార్థకము.

పూర్వపు గానుగను స్మరించి కన్నీరు కార్చుటవలన లాభము లేదు. ఆ దినములలో ఊరిలో సగముమందికి నూనె వాసనయే మిగిలినది. నేటి పొట్లము అందరి యింటికి వచ్చినదని పొంగిపోవుటయు తగదు. ఈ విషయమున మన గ్రంథాలయము చేయగల పని ఒకటి కలదు. గానుగ ఆడించినవారు, కవ్వము త్రిప్పినవారు, కూలిగింజ పోసి నూనె తెచ్చుకొన్నవారు ఇంకను కొందరు మన నడుమనున్నారు. వారు ఏమి తినిరో, ఎవరి తరువాత తినిరో అడిగి వ్రాసి భద్రపరచినచో, రాబోవు స్వర్ణోత్సవమునాటి పాఠకులకు మన ఊరి నిజమైన చరిత్ర ఈ బీరువాలలో దొరకును. ఆ పనికి మన యువకులును, ముఖ్యముగా చదువుకొన్న ఆడపడుచులును, పూనుకొందురని ఆశించుచున్నాను.